తాబేలు జాడ కోసం: జోడుగుళ్లపాలెం తీరంలో నా మూడో సీజన్

డిసెంబరు 28

మా మేనల్లుడు ఫ్లోరిడా నుంచి మనాటీల వీడియో పంపాడు. ఏనుగుకు దూరపు చుట్టం ఈ నీటి జంతువు. నీళ్లు 20 డిగ్రీల కన్నా చల్లబడితే తట్టుకోలేదు. అందుకే నవంబరు మధ్య నుంచి మార్చి దాకా నది వదిలి, ఏడాది పొడవునా 22 డిగ్రీలుండే ఊటల్లోకి చేరుతుంది. అక్కడి బ్లూ స్ప్రింగ్ పార్కుకి బాగా చలిపెట్టిన ఉదయం వెళితే వందల్లో కనిపిస్తాయి. "మీ వైజాగ్‌లో లేవా అత్తా?" అని అడిగాడు.

లేవు. వాటి చుట్టం డుగాంగ్ మన దేశంలో ఉంది గానీ దానికి మేయడానికి సముద్రపు గడ్డి కావాలి. పాక్ బే, మన్నార్, కచ్, అండమాన్ వైపు వెళ్లాల్సిందే. మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లీ తాబేలు. ఎప్పుడు, ఎక్కడ అని వాడు లెక్కగా చెప్పగలిగినట్టే నేనూ చెప్పగలగాలని ఈసారి పుస్తకం పెట్టి రాస్తున్నాను.

జనవరి 11

ఐదు ఉదయాలు, సున్నా. ఇక్కడ గుడ్లు పెట్టే కాలం జనవరి నుంచి మార్చి దాకా, కొన్ని డిసెంబరులోనే వస్తాయి. తాబేలు రాత్రి వచ్చి ఇంచుమించు గంటలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. కాబట్టి మనం వెతకాల్సింది జాడ. ఉదయం నడకకు జనం దిగాక అది అడుగుల కింద చెరిగిపోతుంది. 5:15కల్లా ఇసుక మీద ఉంటున్నాను. జోడుగుళ్లపాలెం దగ్గర దిగి సాగర్ నగర్ వైపు, రాత్రి పోటు వచ్చి ఆగిన గీత వెంబడే నడక. నీటి అంచున నడిస్తే లాభం లేదు, అక్కడి జాడని కెరటం ఎప్పుడో తుడిచేసి ఉంటుంది.

టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం రెండు పొరలు చుట్టాను. తెల్ల వెలుతురు చూస్తే ఒడ్డెక్కుతున్న తల్లి వెనక్కి తిరిగిపోతుంది. ఫోన్ ఫ్లాష్ ఆపేయాలి. కుక్కలుంటాయి, చేతికర్ర ఉండాలి. ఒంటరిగా వెళ్లొద్దు, నాకు మా చెల్లెలు తోడు.

జనవరి 19

చచ్చిన తాబేలు. రెండు రోజుల కిందటిది కావచ్చు. ఇది ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. మరబోటు వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. వల గొంతులో కమ్మీల చట్రం, పైన తప్పించుకునే దారి ఉండే పరికరం ఒకటుంది, టెడ్ అంటారు. రొయ్య వలలోకి పోతుంది, తాబేలు బయటికి వస్తుంది. అది పెట్టని వల ఎంత ఖరీదైనదో ఈ కళేబరం పక్కన నిలబడితే తెలుస్తుంది. పొడవు కొలిచి రాసుకున్నాను: డొప్ప 66 సెంటీమీటర్లు. చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఫిబ్రవరి 3

దొరికింది!

ముందు ట్రాక్టరు చక్రం గుర్తనుకున్నాను. వంగి చూస్తే ఎడమ కుడి రెక్కల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి, కామాలు పేర్చినట్టు. పసిపిల్లలు పాకినట్టు రిడ్లీ ఎడమా కుడీ మార్చి మార్చి వేస్తుంది. పచ్చ తాబేలైతే రెండు రెక్కలూ ఒకేసారి వేస్తుంది, గుర్తులు జంటలుగా పడతాయి. వెడల్పు 74 సెంటీమీటర్లు. పైకి ఒక చార, కిందికి ఒక చార. రెండూ దాటుకున్న చోట ఏది మీద పడిందో అదే తిరుగు దారి. రెండిటి మధ్య బల్లంత మేర ఇసుక చెదిరి, గట్టిగా అణిగి ఉంది. గుడ్లు కప్పాక అది ఒళ్లు అటూ ఇటూ ఊపి డొప్పతో ఇసుకని దరువేసి అణుస్తుంది. అలా అణిగిన చోటు లేకుండా ఉత్త చారే ఉంటే, వచ్చి గుడ్లు పెట్టకుండా తిరిగిపోయిందన్నమాట.

వల సర్దుకుంటున్న పెద్దాయన అరిచాడు. "ఏటి సూత్తన్నారమ్మా? అది రాత్రే ఎల్పోనాది!"

"గుడ్లెక్కడ పెట్టిందో తెలుసా తాతా?"

"తొక్కీకండి, ఆ పక్కకి రండి. ఆళ్లొత్తన్నారు."

ఆళ్లంటే అటవీశాఖ మనుషులు. తెల్లారకముందే తీరమంతా తిరిగి గుడ్లని హేచరీకి, అంటే పిల్లలయ్యేదాకా వాటిని కాపాడే చోటికి, చేరుస్తారు. లేకపోతే కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. వాళ్లు చేత్తో తవ్వితే మూరెడు లోతున, కూజా ఆకారంలో గుంట. టేబుల్ టెన్నిస్ బంతులంత గుడ్లు, మెత్తటి పెంకు. పైనున్నవి పైనే, అడుగువి అడుగునే పెట్టారు, ఏదీ దొర్లనివ్వలేదు. మొత్తం 118. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 ప్రాణులు, మనం ముట్టుకుంటే నేరం. చేతులు కట్టుకుని లెక్కపెట్టాను.

ఫిబ్రవరి 24

మరో రెండు జాడలు, ఒకటి ఉత్త చారే. హేచరీలో మా గుంట మీద బోర్డు పెట్టారు: తేదీ, గుడ్ల సంఖ్య. 45 నుంచి 60 రోజులు పట్టాలి. ఎండ ముదిరి ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ. అందుకే కొన్ని గుంటల మీద నీడ వేసి ఉంచుతారు.

మార్చి 23

48వ రోజు. రాత్రి పదింటికి కబురొచ్చింది, పొద్దున్న 5:20కి చేరాం. బుట్టలో నల్లటి పిల్లలు, ఒక్కోటి అగ్గిపెట్టెంత. నీళ్లలో వదలరు, కొన్ని గజాల ముందే ఇసుక మీద వదులుతారు, తమంతట తాము నడవాలని. వెలుతురున్న వైపే పోతాయి కాబట్టి ఫోన్లన్నీ జేబులో పెట్టమన్నారు. బీచ్ రోడ్డు లైట్ల వైపు ఐదారు మళ్లాయి, గార్డు చేయి అడ్డం పెట్టి తిప్పాడు.

ఒకటి నా చెప్పుల పక్క గుంటలో పడి పైకెక్కలేక ఆగింది. కదలకుండా నిలబడ్డాను. పెద్ద కెరటం ఒకటి వచ్చి మా పాదాలు తడిపి వెనక్కి వెళ్లింది. గుంట ఖాళీగా ఉంది.