ఒకే కప్పు కింద పడుకున్నవాళ్లు

జపాన్‌లోని నగోయాకు వచ్చిన ఇన్నేళ్లకు నిన్న తోషిజిమా వెళ్లొచ్చాను. తోబా రేవులో ఫెర్రీ ఎక్కితే వచ్చే చేపలవాళ్ల చిన్న దీవి. ఇరుకు సందులు. తలుపుల మీద నల్లటి మసితో సున్నా చుట్టి, లోపల జపనీస్ ఎనిమిది అంకె. హచిమాన్ గుడి పండగలో తెచ్చుకున్న మసితో రాసుకుంటారు. పడవలకూ అదే రక్ష. మధ్యాహ్నం తిన్న సావరా చేప మన వంజరానికి దగ్గరి చుట్టం!

నా మనసు మాత్రం 'నెయాకో' దగ్గరే ఆగిపోయింది. మిడిల్ స్కూలు అయిపోయిన మగపిల్లలు కొందరు కలిసి ఊళ్లో ఒక పెద్దాయన ఇంట్లో రాత్రిళ్లు పడుకుంటారు. అన్నం సొంత ఇంట్లోనే, పడక మాత్రం అక్కడ. కన్నవాళ్లకు చెప్పలేనిది ఆ ఇంటి దంపతులకు చెప్పుకోవచ్చు. పెళ్లికైనా చావుకైనా ముందు పరిగెత్తుకొచ్చేది ఆ కలిసి పడుకున్నవాళ్లే. ఆ బంధం జీవితాంతం ఉంటుంది. 1985లో తోబా నగరం ఈ పద్ధతిని జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఇప్పుడు దీవిలో పిల్లలే తగ్గిపోతున్నారంటే ప్రాణం ఉసూరుమంది.

రేవులో ఇద్దరు తాతలు మాటల్లేకుండా ఒకే వలను చెరో వైపు పట్టుకుని సరిచేస్తున్నారు. అన్నదమ్ములా అని నా వచ్చీరాని జపనీస్‌లో అడిగాను. ఒకాయన నవ్వి, అరచెయ్యి చెంపకు ఆనించి, కళ్లు మూసి చూపించాడు.