ఆక్సీమీటర్‌ను దూరం పెట్టడం: నా అనుభవం

కోవిడ్ జ్వరం, దగ్గు నాకు తొందరగానే తగ్గాయి. కానీ ఆ తరువాత, అర్ధరాత్రి గుండెదడతో మెలకువ రావడం, ఊపిరి అందడం లేదేమోనన్న అనుమానంతో రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్‌ను వేలికి పెట్టుకోవడం, 98 కనిపించాక కాసేపు కుదుటపడి మళ్లీ చూసుకోవడం నిత్యకృత్యమయ్యాయి.

ముందుగా ఫిజీషియన్‌ను కలిశాను. థైరాయిడ్ అతిగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా ఇలాంటి దడ రావచ్చు కనుక, ఆయన ఈసీజీ, రక్తపరీక్షలు చేయించి, అవి సవ్యంగా ఉన్నాకే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపారు.

ఆమె మొదట రెండు ప్రశ్నావళులు ఇచ్చారు. కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9లోనూ, ఆందోళనను అంచనా వేసే జీఏడీ-7లోనూ, గడిచిన రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా కలిగిందో 0 నుంచి 3 వరకు గుర్తించాలి. జీఏడీ-7లో మొత్తం 21కి 10 వచ్చినా లోతుగా పరిశీలిస్తారు. నాకు అంతకంటే ఎక్కువే వచ్చింది. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెల్లడించిన సంగతి ఆమె చెప్పగా విన్నాను. దానివల్ల భయం తగ్గలేదు గానీ, ఇది నా ఒక్కరి బలహీనత అన్న సిగ్గు కొంత వదిలింది.

కౌన్సెలింగ్ అంటే ఓదార్పు మాటలనుకుని వెళ్లినవారికి ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునేలా సాధన చేయించే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ కాస్త కటువుగానే ఉంటుంది. ఆక్సీమీటర్ చూసుకున్న ప్రతిసారీ కలిగే ఉపశమనమే, చూసుకోకపోతే ప్రమాదమన్న నమ్మకాన్ని బలపరుస్తోందని ఆమె వివరించారు. “నా ఊపిరి మామూలుగానే ఉందా?” అని ఇంట్లోవాళ్లను అడగడమూ అలాంటిదేనట. అందుకే, చూసుకోవాలనిపించినప్పుడు ముందు కొంతసేపు ఆగడం, ఆ సమయాన్ని వారం వారం పెంచడం, భయం ఎంత తీవ్రంగా ఉందో పుస్తకంలో రాసుకోవడం నాకు అప్పగించిన పని. ఆ తరువాత మెట్లు వేగంగా ఎక్కించి, గుండె వేగం పెరిగినా ముంచుకొచ్చే ఆపదేమీ లేదని స్వయంగా గమనించమన్నారు. ఆరంభంలో భయం తగ్గకపోగా పెరిగింది. అలా జరుగుతుందని ఆమె ముందే హెచ్చరించి ఉండకపోతే నేను మానేసేదాన్ని.

నిద్ర మరీ దెబ్బతినడంతో, మందులు రాసే అధికారం ఉన్న సైకియాట్రిస్టును కూడా కలవమన్నారు. ఆయన ఆందోళన, కుంగుబాటు తగ్గించడానికి వాడే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టి, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ, నయమైనట్టు అనిపించినా సొంతంగా ఆపకూడదనీ చెప్పారు.

ఇప్పుడు దడ అప్పుడప్పుడు వస్తుంది, దానంతటదే పోతుంది. జ్వరమో దగ్గో ఉంటే తప్ప ఆక్సీమీటర్ వాడకూడదన్నది మా ఒప్పందం. సెషన్ల మధ్య వ్యవధి పెంచారు. మందు క్రమంగా ఎలా తగ్గించాలో వచ్చేసారి సైకియాట్రిస్టు నిర్ణయిస్తారు.