మా ఊరి మున్సిపల్ భవనం ముందు టిబెట్ జెండా: ఐదు నెలల నా అనుభవం

జర్మనీలో నేను పదకొండేళ్లుగా నివసిస్తున్న చిన్న పట్టణంలో, నిన్న మార్చి 10న, మున్సిపల్ భవనం ముందు మొదటిసారిగా టిబెట్ జెండా ఎగిరింది. 1959లో ఇదే రోజున లాసా ప్రజలు చైనా పాలనపై తిరగబడ్డారు. ఆ రోజును గుర్తుచేస్తూ జెండా ఎగరేయమని టిబెట్ ఇనిషియేటివ్ డాయిచ్‌లాండ్ అనే సంస్థ 1996 నుంచి జర్మనీలోని పట్టణాలను కోరుతూ వస్తోంది. వందల పట్టణాలు ఒప్పుకున్నాయి గాని మా ఊరు ఇంతవరకు వాటిలో లేదు.

అక్టోబరులో మేయరుకు ఉత్తరం రాయడం, రెండు శనివారాలు సంతలో నిలబడి సంతకాలు సేకరించడం, జెండా తెప్పించడం సులువుగానే జరిగిపోయాయి. ఆ తరువాత ఒక అధికారి ఆరు వారాలపాటు ‘వచ్చే వారం చెబుతాం’ అంటూ వచ్చి, చివరకు ఇది విదేశాంగ విధానమనీ, పట్టణ పరిధిలోకి రాదనీ, కావాలంటే కౌన్సిల్‌లోనే అడుక్కోమనీ తేల్చారు. టిబెటన్ బౌద్ధంలో దలైలామా తరువాత అంతటి గురువైన పంచెన్ లామాగా దలైలామా గుర్తించిన ఆరేళ్ల పిల్లవాణ్ణి 1995 మే 17న చైనా అధికారులు కుటుంబంతో సహా తీసుకుపోయారు. ముప్పై ఏళ్లు దాటినా అతడు బయటి ప్రపంచానికి కనబడలేదు. ఒక బిడ్డ ఎక్కడున్నాడని అడగడం విదేశాంగ విధానం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

కౌన్సిల్ సమావేశం మొదట్లో ఊరివాళ్లు ప్రశ్నలు అడగడానికి కొంత సమయం ఇస్తారు. నేను రాసుకెళ్లినది చదవడం పూర్తికాగానే ఒక సభ్యుడు లేచి, “మీరు భారతీయులు కదా? టిబెట్ స్వయంప్రతిపత్తి ప్రాంతం చైనాలో భాగమని 2003లో మీ ప్రభుత్వమే రాతపూర్వకంగా ఒప్పుకుంది. మీ దేశం చేయని పని మా ఊరిని చేయమంటారేం?” అన్నారు. వెనుక వరుసలో ఎవరో నవ్వారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. వాజ్‌పేయి గారి బీజింగ్ పర్యటనలో ఆ ప్రకటన వెలువడింది. 1954 నాటి ఒప్పందంలోనూ టిబెట్‌ను చైనా ప్రాంతంగానే పేర్కొన్నారు. ఇవన్నీ తెలిసి కూడా నాకు నోట మాట రాలేదు. చేతిలోని కాగితం వణుకుతుండటం అందరికీ కనబడుతోందని తెలిసి దానిని బల్లమీద పెట్టేశాను. అధ్యక్షుడు నా సమయం అయిపోయిందన్నారు. చలిలో నడిచి ఇంటికి వచ్చాను, అన్నం సహించలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, చెప్పవలసి ఉండి చెప్పలేకపోయినదంతా రాశాను. కాగితాలమీద సంతకం చేసిన ఆ భారతదేశమే 1959 మార్చి 31న సరిహద్దు దాటి వచ్చిన దలైలామాకు ఆశ్రయమిచ్చిందనీ, కర్ణాటకలోని బైలకుప్పెలో, ముండగోడులో వేలమంది శరణార్థులకు భూమి చూపిందనీ రాశాను. జెండా ఎగరేసినంత మాత్రాన ఒక రాజ్యాన్ని గుర్తించినట్లు కాదనీ, టిబెట్‌లో మానవ హక్కుల అణచివేతను ఖండిస్తూ 1996 జూన్‌లో జర్మన్ పార్లమెంటే తీర్మానం చేసిందనీ రాశాను. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా ఇచ్చే బౌద్ధ దీక్ష అయిన కాలచక్ర జరిగినప్పుడు మా నాన్నగారితో వెళ్లి చూసినదీ రాశాను: బుద్ధుడు కాలచక్రను మొదట బోధించింది ధాన్యకటకంలోనేనని, అంటే ఆ అమరావతి ప్రాంతంలోనేనని నమ్మే ఒక టిబెటన్ ముసలమ్మ, స్తూపం పక్కన పిడికెడు మట్టి తీసి కళ్లకద్దుకుని, కొంగున ముడివేసుకున్నట్లే తన నడికట్టు మడతలో దాచుకుంది. మా మట్టి అంత విలువైనదని నాకు చెప్పింది ఆమే. ఆమె సొంత మట్టి ఆమెకు లేదు.

ఆ ఉత్తరాన్ని ప్రతి కౌన్సిల్ సభ్యుడికీ విడివిడిగా పోస్టులో పంపాను. ఫిబ్రవరిలో మేయరు అనుమతి ఇచ్చారు. ఈ పని తలపెట్టేవారు ఫోనులో ఇచ్చిన మాటను నమ్మవద్దు. ప్రతిదీ రాతలో అడగండి. సభకు ఒంటరిగా వెళ్లవద్దు. భారతీయులైతే 2003 సంగతికి జవాబు కంఠస్థం చేసుకుని మరీ వెళ్లండి.

నిన్న జెండా కట్టే ఉద్యోగికి ఏ వైపు ఎటు ఉండాలో తెలియలేదు. పక్క ఊరి నుంచి వచ్చిన టిబెటన్ పెద్దాయన ముందుకు వచ్చి, పసుపు అంచు ఉన్న పక్క స్తంభం వైపు, అంచులేని పక్క గాలి వైపు ఉండాలని చూపించారు. ఆయన పుట్టిన టిబెట్‌లో ఆ జెండా పట్టుకుంటే జైలే. సాయంత్రం దించాక ఆయనే దానిని మడిచి నా చేతికిచ్చారు. వచ్చే ఏడాది ఉత్తరం సెప్టెంబరులోనే పంపాలని క్యాలెండరులో రాసిపెట్టుకున్నాను.