వాగులో దాక్కున్న ఓడ

మొత్తానికి నిన్న చూసొచ్చాం. ఒహైయో నదిలో కయాక్ వేసుకుని, కెంటకీ ఒడ్డున పీటర్స్‌బర్గ్ దగ్గర ఓ చిన్న వాగులోకి తిరిగామో లేదో, చెట్ల మధ్య నుంచి తుప్పు పట్టిన ఓడ ముక్కు! ఒక్క క్షణం గుండె ఝల్లుమంది.

1902లో ఓ శ్రీమంతుడు సరదాగా తిరగడానికి కట్టించుకున్న ఆవిరి యాట్ ఇది. అప్పటి పేరు సెల్ట్, చేతులు మారాక సేచెమ్. 1917లో అమెరికా నేవీ దీన్ని తీసుకుని శత్రు జలాంతర్గాముల కోసం గస్తీకి పెట్టింది. ఎడిసన్ (అవును, బల్బు ఎడిసనే) జలాంతర్గాముల్ని ఎదుర్కొనే ప్రయోగాలు దీని మీద చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఓనర్‌కి తిరిగిచ్చేశారు. తర్వాత జనాన్ని చేపల వేటకి తిప్పుతూ బతికింది. 1942లో మళ్లీ నేవీ పిలుపు. ఈసారి పేరు ఫీనకైట్. ఆ తర్వాత న్యూయార్క్‌లో టూరిస్టు బోటు. 1980ల్లో ఈ వాగుకి చేరి, ఇక కదల్లేదు.

దగ్గరికెళ్లి ఇనుము మీద చెయ్యి వేస్తే తుప్పు పెచ్చులు రాలాయి. దోమలు మాత్రం పీకేశాయి. "ఈ డొక్కు కోసమా ఆదివారం పొద్దున్నే లేపావ్?" అంది మా ఆవిడ. ఫోటోలన్నీ తీసింది మాత్రం తనే.