సుఖోథాయ్‌లో కార్తీక పౌర్ణమి

2024 నవంబరు 15, శుక్రవారం. రాత్రి పదకొండున్నర.

చేతులకు ఇంకా మైనం వాసన వస్తోంది. స్నానం చేసి రాద్దామనుకున్నాను కానీ నీళ్ళు పడితే నిద్ర ముంచుకొస్తుంది. రేపటికి సగం మర్చిపోతాను. అందుకే ముందు రాసేస్తున్నాను.

థాయ్‌లాండ్‌లోని ఈ సుఖోథాయ్‌లో నా గది కొత్త ఊళ్ళో, యోమ్ నది ఒడ్డున ఉంది. పాత ఊరు, అంటే శిథిలాలన్నీ ఉన్నచోటు, ఇక్కడికి 12 కిలోమీటర్లు. పొద్దున్నే సోంగ్‌థావ్ ఎక్కాను. సోంగ్ అంటే రెండు, థావ్ అంటే వరస. వెనక ఎదురెదురుగా రెండు బల్లలుండే బండి, అంతే. నా కాళ్ళ దగ్గర అరటాకుల కట్టలు, బంతిపూల సంచులు. దిగేటప్పుడు ఒక ముసలాయన నా భుజం మీద పడిన బంతి రేక తీసి నవ్వాడు.

సైకిల్ అద్దెకు తీసుకుని ముందు ఉత్తరం వైపు వాట్ సీ చుమ్‌కి వెళ్ళాను. వాట్ అంటే గుడి. జనం రాకముందే చూడాలని పట్టుదల. నాలుగు గోడలున్న పెద్ద గది, పైన కప్పు లేదు. ముందు గోడలో నిలువుగా ఒక సన్నని సందు. దూరం నుంచి చూస్తే ఆ సందులోంచి బుద్ధుడి ముఖం మాత్రమే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళే కొద్దీ మెడ, భుజాలు, ఒడి. లోపలికి అడుగుపెట్టాక తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప ముఖం కనిపించదు. ఎత్తు 15 మీటర్లు. మోకాలి మీదుగా కిందికి వాల్చిన కుడి చేతి వేళ్ళు నా చెయ్యంత పొడవున్నాయి, భక్తులు అతికించిన బంగారు రేకులతో మెరుస్తున్నాయి. ఆయన పేరు ఫ్రా అచనా. ఆ పేరు వెనక ఉన్నది మన ‘అచల’ మాటే అంటారు. గోడ మందంలోనే పైకి మెట్ల దారి ఉందట, జాతక కథలు చెక్కిన పలకలున్నాయట. అది మూసేశారు. పూర్వం రాజు ఆ దారిలో దాక్కుని మాట్లాడితే విగ్రహమే మాట్లాడిందని సైనికులు నమ్మి ధైర్యం తెచ్చుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ కథ నాకు నమ్మాలనే అనిపించింది.

ఈ దేశంలో పేర్లు చదవడం నాకో సరదా అయిపోయింది. సుఖోథాయ్ అంటే సుఖోదయం. రేపు వెళ్ళబోయే సీ సచ్చనాలయ్ అంటే శ్రీ సజ్జనాలయం. మహాథాట్ అంటే మహాధాతు. వాళ్ళ లిపి కూడా ఖ్మేర్ లిపి మీదుగా పల్లవుల లిపి నుంచి వచ్చిందే. బోర్డు మీద అక్షరం ఒక్కటీ రాదు, కానీ ఎవరైనా చదివి వినిపిస్తే, కొత్త చీర కట్టుకుని వచ్చిన పాత చుట్టంలా ఉంటుంది.

తర్వాత కోట లోపలికి వచ్చాను. వాట్ మహాథాట్ మధ్యలో తామర మొగ్గలాంటి పెద్ద చేదీ, అంటే స్తూపం, చుట్టూ రెండు వందల దాకా చిన్నవి. పైన ఉన్న చెక్క కప్పులు ఎప్పుడో పోయాయి, తుప్పు రంగు స్తంభాలు మాత్రం వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. 13వ శతాబ్దంలో ఈ పాత ఊరు సుఖోథాయ్ రాజ్యానికి రాజధాని. 1991 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అక్కడికి కొంచెం దూరంలో వాట్ సీ సవాయ్. మొక్కజొన్న పొత్తుల్లాంటి మూడు గోపురాలు. అది మొదట హిందువుల గుడి, తర్వాత బౌద్ధుల విహారమైంది. దాని నీడలో గంటసేపు కూర్చున్నాను. ‘ఇంక పద’ అని ఎవరూ అనలేదు. ఒక్కదాన్నే తిరగడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

మళ్ళీ మళ్ళీ చూడాలనిపించింది వాట్ సా సీలో నల్లటి నడిచే బుద్ధుణ్ణి. కూర్చున్న బుద్ధుడు, పడుకున్న బుద్ధుడు అన్నిచోట్లా ఉంటారు. నడుస్తున్న బుద్ధుణ్ణి విగ్రహంగా ఇంత అందంగా నిలబెట్టింది సుఖోథాయ్ శిల్పులే. ఒక మడమ కాస్త పైకి లేచి ఉంది. ఒక చెయ్యి అభయమిస్తోంది, రెండోది నడకకు తగ్గట్టు మెత్తగా ఊగుతున్నట్టుంది. తొందర లేదు, ఆగడమూ లేదు. నాలాంటి వాళ్ళ దేవుడు అనుకుని దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనం. సుఖోథాయ్ నూడుల్స్‌లో పొడవు చిక్కుళ్ళు, వేరుశనగపప్పు, నిమ్మరసం, తాటిబెల్లం వేస్తారు. మామూలుగా పంది మాంసం కూడా ఉంటుంది. నేను ఉపవాసాలు చెయ్యను కానీ కార్తీకంలో నీచు ముట్టను. ఇక్కడ ‘జే’ అని ఒక మాట చాలు. జే అంటే మాంసం, చేపల రసం మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలుంటే అది జే కొట్టు. అమ్మ పెట్టే కార్తీకం వంట నియమాలే, ఒక్క అక్షరంలో.

ఇంతవరకు బాగానే ఉంది. సాయంత్రం మాత్రం కష్టంగా గడిచింది.

ఐదు దాటేసరికి కోట ద్వారాల్లోంచి జనం పోటెత్తారు. రామ్‌ఖమ్‌హెంగ్ రాజు పేరు మీద ఉన్న 1292 నాటి శాసనంలో ఒక మాట ఉంది: ఈ ఊరికి నాలుగు పెద్ద ద్వారాలు, కొవ్వొత్తులు వెలిగించి నిప్పుతో ఆడే వేడుక చూడటానికి జనం వాటిలోంచి ఒకరినొకరు తోసుకుంటూ వస్తారని. ఇవాళ అక్షరాలా అదే. ఆ శాసనంలో నీటి మీద దొప్పలు వదిలే మాట మాత్రం లేదు. ఇవాళ్టి ఈ దొప్పల పండుగ లోయ్ క్రథోంగ్‌ను నొప్పమాస్ అనే సుఖోథాయ్ రాణివాసపు స్త్రీ మొదలుపెట్టిందని కథ చెబుతారు. ఆ కథ ఉన్న పుస్తకం 19వ శతాబ్దంలో బ్యాంకాక్‌లో రాసిందని చరిత్రకారులు అంటారు. నొప్పమాస్ వేషాలు కట్టిన చిన్న పిల్లలను చూశాక నాకు ఆ తేడా పెద్దగా పట్టలేదు.

నాకు పట్టిందల్లా వేరే. ప్రతి చాప మీదా ఒక కుటుంబం. తాత, మనవరాలు, చంటిపిల్ల, టిఫిన్ డబ్బాలు. శిథిలాల దగ్గర ఒక్కదాన్నే ఉండటం హాయి. పండుగ దగ్గర అలా కాదు. పండుగలో ఒక్కళ్ళే ఉన్నవాళ్ళకి ఎక్కడ నిలబడాలో తెలియదు. చెరువు గట్టున అటూ ఇటూ రెండుసార్లు తిరిగాను. ఫోన్ తీసి చూశాను, ఊరికే. నాన్న పోయి మూడేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఈసారి రాజమండ్రిలో పుష్కరాల రేవుకి వెళ్ళనంది. కార్తీక పౌర్ణమి నాడు ఆవిణ్ణి ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి నేనిక్కడ ఏం చేస్తున్నానని గుండెలో గట్టిగా గుచ్చుకుంది. వెనక్కి వెళ్ళిపోదామా అనుకున్నాను కూడా.

అప్పుడే ఒక చెట్టు కింద చాప పరుచుకుని క్రథోంగ్‌లు చేస్తున్న ఒక పెద్దావిడ చేత్తో పిలిచింది. అరవై దాటి ఉంటాయి. కొనమని పిలిచిందనుకున్నాను. పక్కన కూర్చోమని చాప తట్టింది. నేను ఆవిణ్ణి ‘పా’ అన్నాను. ఇక్కడ పెద్దమ్మని అలా పిలుస్తారు.

అడుగున అంగుళమున్నర మందంగా కోసిన అరటి బోదె ముక్క. దాని చుట్టూ అరటాకు పేలికలను కోణాలుగా మడిచి, సన్నని వెదురు పుల్లలతో గుచ్చుతుంది. మధ్యలో బంతిపూలు, కొవ్వొత్తి, మూడు అగరొత్తులు. క్రథోంగ్ అంటేనే ఆకుతో చేసిన గిన్నె. లోయ్ అంటే తేల్చడం. మన దొప్పే! అమ్మమ్మ మధ్యాహ్నాలు విస్తళ్ళు కుడుతూ నాకూ రెండు ఆకులు ఇచ్చేది. ఆ పుల్ల గుచ్చడం నా వేళ్ళకు ఇంకా గుర్తుంది. నేను గుచ్చిన పుల్ల చూసి పా “ఓ!” అని పక్కావిడకి చూపించింది. మడత మాత్రం నాలుగుసార్లు తప్పు పోయింది. నాలుగుసార్లూ ఆవిడే విప్పి, ఆకు చింపకుండా, మళ్ళీ మొదటినుంచి చూపించింది. మా ఇద్దరికీ కలిసిన భాష పది మాటలుండదు.

ఎవరి కోసం ఈ దొప్ప అని సైగ చేసి అడిగాను. “మే ఖోంగ్‌ఖా” అంది. గంగమ్మ తల్లి. ఏడాదంతా నీళ్ళు వాడుకున్నందుకు, మురికి చేసినందుకు క్షమించమని అడుగుతారు. ఒక నాణెం వేయమంది. తర్వాత చిన్న కత్తెర ఇచ్చి, నా వేలి గోరు, జుట్టు చివర చూపించింది. కీడు నీళ్ళతో పోతుందని కొందరు అవి కూడా పెడతారు.

ఏడుంబావుకి అమ్మకు వీడియో కాల్ చేశాను. అక్కడ అప్పుడే ఐదుముప్పావు. పక్కింటి పిల్ల ఫోన్ పట్టుకుంది. అమ్మ తులసికోట ముందు 365 వత్తుల కట్ట వెలిగించి పీట మీద కూర్చుంది.

“ఏమే, అక్కడ కూడా అరటి దొప్పేనా?” అంది చూడగానే.

“అవునమ్మా. గంగమ్మకే. పేరు కూడా అదే.”

గోళ్ళ సంగతి చెబితే “దీపం దగ్గర గోళ్ళేంటే, తప్పు కాదూ!” అంది. కాసేపాగి, “సరేలే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఆవిడ చెప్పినట్టు చెయ్యి” అంది. చేశాను.

నీళ్ళలో వదిలితే గాలికి రెండుసార్లు గట్టుకే తిరిగొచ్చింది. మోకాలి లోతులో నిలబడి ఉన్న ఒక కుర్రాడు అరచేత్తో నీళ్ళు నెట్టి లోపలికి పంపించాడు. ఫోన్ అటు తిప్పి పట్టుకున్నాను. “మనదేది? మనదేది?” అని అమ్మ అడుగుతూనే ఉంది. కాసేపు చూపించగలిగాను. తర్వాత అన్ని దీపాల్లో కలిసిపోయింది. ఎదురుగా వాట్ సా సీ, పైన చంద్రుడు, నీళ్ళలో రెండూ. అమ్మ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడ “నాన్న ఉంటే ఫోటోలు తీసేవారు” అంది.

డబ్బులు ఇస్తే పా ఆకు ధర మాత్రమే తీసుకుంది. చేతిలో గుప్పెడు వెదురు పుల్లలు పెట్టింది.

చీకట్లో 12 కిలోమీటర్లు ఎలాగా అని పొద్దుటి నుంచి ఉన్న టెన్షన్‌ను గెస్ట్‌హౌస్ ఆవిడ తీర్చింది. తన తమ్ముడి పికప్‌లో, వాళ్ళ పిల్లల మధ్య కూర్చుని వచ్చాను.

రేపు పొద్దున్నే సజ్జనాలయం బస్సు. మడత మర్చిపోకుండా ఈ పేజీ కిందే బొమ్మ గీసుకుంటున్నాను: ఆకు పేలిక, కుడి మూల లోపలికి, ఎడమ మూల దాని మీదికి, పుల్ల అడ్డంగా. డిసెంబరు 2న పోలి పాడ్యమి. ఆ తెల్లవారుజామున రాజమండ్రిలో ఉంటాను. అమ్మ రేవు మెట్లు దిగలేకపోతే పై మెట్టు మీద కూర్చుంటుంది, నేను దిగి వదులుతాను. అరటి బోదె సంగతి పక్కింటి వాళ్ళకు ముందే చెప్పి ఉంచాలి.