ఓకే సరే, దేనికి ఓకే?

హన్మకొండ బస్టాండులో పది నిమిషాలు నిలబడితే ఒప్పుకోలుకు మనం వాడే మాటలన్నీ చెవిన పడతాయి. కండక్టర్ "రైట్ రైట్" అంటాడు. ఫోన్లో ఒకరు "మంచిది అన్నా, ఉంట మరి" అని పెట్టేస్తారు. ఇంకొకరిది "సరే తియ్". ఈ మాటలన్నిటి పనీ తానే చేస్తానని ముందుకొచ్చిన మాట ఓకే. చిక్కంతా అక్కడే ఉంది.

అచ్చులో ఇది మొదట కనిపించింది 1839 మార్చి 23న, బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో. మాటలను కావాలని తప్పుగా రాసి, ఆ తప్పు స్పెల్లింగులోంచే పొడి అక్షరాలు తీయడం అప్పటి అమెరికా పత్రికల సరదా. 'ఆల్ కరెక్ట్'ను 'ఓల్ కొరెక్ట్' (oll korrect) చేసి ఓ.కె. అన్నారు. 'ఆల్ రైట్'ను 'ఓల్ రైట్' (oll wright) చేసి ఓ.డబ్ల్యు. అని కూడా పుట్టించారు, అది నిలవలేదు. 1840 అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యురెన్ అనుచరులు, ఆయన సొంతూరు పేరు మీద 'ఓల్డ్ కిండర్‌హుక్' అంటూ అవే రెండు అక్షరాలను నినాదం చేసుకున్నారు. ఆయన ఓడిపోయాడు గానీ మాట ఊరూరా పాకింది. గ్రీకు నుంచి వచ్చిందనీ, అమెరికా ఆదివాసుల్లో చాక్టా తెగ భాష నుంచి వచ్చిందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ 1963, 64లలో అమెరికా భాషా పరిశోధకుడు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు తిరగేసి ఈ వరుసంతా తేల్చాడు.

అంటే పుట్టుకలో దాని అర్థం 'అంతా సరిగ్గా ఉంది'. చూసిన తర్వాత అనే మాట. మనం చూడకముందే అంటున్నాం.

కాజీపేటలో రైలు కదిలాక ఇంజన్ వైపు నుంచి, వెనక గార్డు పెట్టె నుంచి పగలు పచ్చజెండా, రాత్రి పచ్చదీపం చూపుకుంటారు. రైల్వే భాషలో దాని పేరు 'ఆల్ రైట్' సిగ్నల్. బండి క్షేమంగా పోతున్నదని రెండు చివరలా చూసి చెప్పుకోవడం అది. ఏది చూశారో, దేనికి ఒప్పుకుంటున్నారో అందులో తేటగా ఉంది. ఒప్పుకోలు అట్లా ఉండాలి.

తెలుగులో ఓకే పక్కన ఏ క్రియ చేరిందో గమనించండి, బాధ్యత ఎవరిదో తెలిసిపోతుంది. "సారు ఓకే అన్నడు" అంటే విన్నాడు, కాదనలేదు, అంతవరకే. "సారు ఓకే చేసిండు" అంటే అధికారంతో ఆమోదించాడు. "ఓకే అయింది" అంటే పని తేలింది గానీ ఎవరు తేల్చారో మాటలో లేదు. "లోన్ ఓకే అయిందట" అని వింటే వెంటనే ఎవరు చేశారు, కాగితం మీద ఉందా అని అడగాలి. మంజూరు పత్రం చేతికి రాకముందే మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తే ఇరుక్కుంటారు. ఇక "ఓకే గని..." అని ఆగితే అది ఒప్పుకోలు కాదు, మర్యాదగా చెప్పిన 'వద్దు'. "కూర ఓకే" అన్నది కూడా మెచ్చుకోలు కాదు. వండిన మనిషికి "మంచిగుంది" అనండి.

ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మేటప్పుడు ఈ తేడా డబ్బుల్లో కనిపిస్తుంది. "రేటు ఓకేనా?" అనగానే "ఓకే" అంటే ఒక్క ధరకే ఒప్పుకున్నట్టు. తేమ ఎంత, తరుగు ఎంత, కాంట ఎప్పుడు, పైసలు ఎన్నడు అన్నవి ఇంకా మాట్లాడనే లేదు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే సరుకు తీసుకోరు. అందుకే తేమ కొలిచి, అంకె చూశాకనే ధరకు ఓకే అనాలి. కాంట అయినంక తరుగు మాటెత్తితే, ముందన్న ఓకేనే అన్నిటికీ ఒప్పుదల అయిపోయినట్టు అవతలివాళ్లు మాట్లాడతారు.

ఇంగ్లిష్ వాళ్లతో మరో రెండు తిరకాసులు. చాయ్ కావాలా అంటే "ఐ యామ్ ఓకే" అన్నవాళ్లు వద్దంటున్నారు, కప్పు పట్టుకొచ్చి ముందు పెట్టకండి. "శుక్రవారానికి ఇస్తారా?" అన్న మెయిల్‌కు ఉత్త ఓకే కొడితే దాన్ని వాళ్లు మాట ఇచ్చినట్టుగా తీసుకుంటారు. మనవాళ్లు చాలాసార్లు 'చూశాను' అనే అర్థంతో కొడతారు. చూశానని చెప్పాలంటే చూశాననే రాయండి. ఒప్పుకుంటే దేనికో రాయండి: "మూడో డ్రాయింగుకు ఆమోదం, గురువారం పని మొదలు." పది అక్షరాలు ఎక్కువైనా తర్వాత తగాదా ఉండదు. స్పెల్లింగు గురించి మాత్రం దిగులు వద్దు, రెండక్షరాల రూపమైనా నాలుగక్షరాల రూపమైనా ఇంగ్లిష్‌లో సరైనదే.

తెలుగు లిపిలో మాత్రం దీర్ఘం తప్పకూడదు. ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేస్తే ఓకే కాస్తా చాలాసార్లు ఒకే అయి కూర్చుంటుంది. "ఇద్దరికి ఓకే రేటు" అంటే ఇద్దరూ ఒప్పుకున్న రేటు. "ఇద్దరికి ఒకే రేటు" అంటే ఇద్దరికీ సమానమైన రేటు. బేరం మెసేజి పంపేముందు ఆ మొదటి అక్షరం ఒకసారి చూసుకోండి.