నీళ్లు తాగని టీచర్లు

నాకిప్పుడు ఏడో నెల. ఆంధ్రాలోని పాతపట్నంలో పుట్టి, ఒడిశాలోని పర్లాకిమిడిలో కాపురం ఉంటున్నాను. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. కడుపుతో ఉన్నప్పుడు ఏం చేయాలో నాకు తెలియనిది పెద్దగా లేదు. తెలిసినవి రోజూ జరిగేలా చూసుకోవడమే కష్టం.

ముందు నీళ్ల సంగతి చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. మా స్కూల్లో ఆడ టీచర్లందరికీ కలిపి ఒకటే బాత్రూమ్. తలుపు గడియ ఊడిపోయింది, కుళాయిలో నీళ్లు రావు, బకెట్ మోసుకెళ్లాలి. అందుకని పొద్దున బడికి వచ్చిన దగ్గర్నుంచి ఇంటికెళ్లే దాకా ఎవరూ గుక్కెడు నీళ్లు తాగరు. ఎండాకాలంలోనూ అంతే. ఐదో నెలలో నాకు మంట, చలిజ్వరం వచ్చాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. కడుపుతో ఉన్నప్పుడు దాన్ని పట్టించుకోకపోతే కిడ్నీల దాకా పాకుతుందని, నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చని డాక్టరమ్మ చెప్పారు. గర్భిణులు వాడదగ్గ యాంటీబయాటిక్ రాసి, కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు. తగ్గాక నేను, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి హెడ్‌మాస్టర్ గారి దగ్గరకు వెళ్లి అడిగాం. గడియ పెట్టించారు. కుళాయి ఇంకా బాగవలేదు. ఇది సిగ్గుపడే విషయం కాదు, ఆరోగ్యం విషయం. పనిచేసే చోట బాత్రూమ్ లేకుండా ‘నీళ్లు బాగా తాగమ్మా’ అని చెప్తే ఏం లాభం?

రెండోది ఐరన్ మాత్ర. నాకు రక్తం (హిమోగ్లోబిన్) 9.4 ఉందన్నారు. కడుపుతో ఉన్నవాళ్లకు 11 కంటే తగ్గకూడదట. ఎర్ర మాత్ర రోజుకొకటి, 180 రోజులు వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, కాల్షియం మాత్రతో కలిపీ వేసుకోకూడదు. మా ఇంట్లో టీ లేని వేళ దొరకడమే కష్టం. లేవగానే టీ, టిఫిన్ తర్వాత టీ, బడి నుంచి రాగానే టీ. చివరికి కాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిండితో వేసుకుని, ఐరన్‌ను రాత్రి పడుకునే ముందు నిమ్మరసంతో వేసుకుంటున్నాను. రాత్రి వేసుకుంటే వికారం కూడా అంతగా తెలియడం లేదు. విరేచనం నల్లగా అవుతుంటే మా తోటికోడలు కంగారు పడింది. ఆ మాత్రకు అది మామూలే. పోయిన నెల పరీక్షలో 10.6 వచ్చింది.

గర్భిణులకు, పసిపిల్లలకు ఊళ్లోనే పరీక్షలు, టీకాలు ఇచ్చే మమతా దివస్ మంగళవారమో శుక్రవారమో పెడతారు. రెండూ బడి ఉన్న రోజులే, సెలవు పెడితే జీతం కోత. ప్రతి నెల 9న ప్రభుత్వాసుపత్రిలో జరిగే ఉచిత పరీక్షలకైతే ముందే చెప్పి వెళ్తున్నాను. ఆ పరీక్షల వివరాలు రాసే కార్డు అంతా ఒడియాలో ఉంటుంది, నాకు చదవడం రాదు. ఆశా దీదీ సగం ఒడియా, సగం తెలుగులో ఓపికగా చదివి చెప్తుంది. పురిటికి పుట్టింటికి వెళ్లేటప్పుడు ఆ కార్డు తప్పకుండా తీసుకెళ్తాను. రాష్ట్రం మారినా బీపీ, బరువు, రక్తం లెక్కలు అక్కడి డాక్టరుకు కావాలి కదా.

తిండి దగ్గర మా అత్తయ్యతో చిన్న పేచీ. ‘ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతాదే’ అంటుంది. ఆవిడ భయం ఆవిడది, తన మొదటి కాన్పు అంత కష్టంగా జరిగింది. నేను వాదించను. ఆవిడ చేసే చోడి (రాగి) అంబలి మాత్రం అడిగి మరీ తాగుతాను. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా (వేయించిన గింజల పిండి), గుడ్లు కూడా వదలను. ఆడవాళ్లం అందరి తర్వాత తినే అలవాటు ఈ మధ్యే మారింది. మా మావయ్య ‘ముందు అమ్మాయికి పెట్టండి’ అన్నాక ఇంకెవరూ మాట్లాడలేదు.

ఇంకొకటి చెప్పాలి. గుడాఖు. మూడో నెలలో వాంతులతో నేను పడిపోతుంటే, పక్కింటి పిన్నిగారు ప్రేమగా డబ్బా తెచ్చి ‘పళ్లకు కొంచెం రాసుకో, తగ్గిపోద్ది’ అన్నారు. అది పొగాకు, బెల్లం మడ్డి కలిపిన ముద్ద. పొగతాగినా, పళ్లకు రాసినా నికోటిన్ రక్తంలోకి వెళ్తుంది. కడుపులో బిడ్డకు అందే రక్తం తగ్గి, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది. మా వీధిలో చాలామంది ఆడవాళ్లకు అది పొద్దున పళ్లు తోముకోవడంలో భాగమైపోయింది, ఎవరూ దాన్ని పొగాకు అనుకోరు. పిన్నిగారు ఇంకా మానలేదు. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వొద్దని ఆవిడను బతిమాలాను. కనిపించినప్పుడల్లా మళ్లీ చెప్తున్నాను.